గుడి పెళ్లి, ఇంటి పెళ్లి: సత్తెనపల్లి ప్రాంతపు క్రైస్తవ వివాహాల చరిత్ర

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో క్రైస్తవుల పెళ్లి రెండు చోట్ల జరుగుతుంది. తాళి కట్టేది గుడిలో, తక్కిన పెళ్లంతా ఇంటి దగ్గర. గుడిలో జరిగే దానికి అయ్యగారు, అంటే పాస్టరుగారు, బాధ్యులు. దానికి చట్టం ఉంది, రిజిస్టరు ఉంది. ఇంటి దగ్గర జరిగే దానికి రాతకోతలు లేవు. మేనమామలు, బావలు, వదినలు, పెదనాన్న చిన్నాన్నల పిల్లలు తలో చెయ్యి వేస్తేనే అది గట్టెక్కుతుంది. మిషనరీలు మొదటి భాగాన్ని కొత్తగా తెచ్చారు. రెండో దాన్ని మార్చాలని చూసి, కొంత మార్చి, చాలావరకు వదిలేశారు.

అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. 1849లో హయ్యర్ గురజాలకు మకాం మార్చడంతో పల్నాడులో లూథరన్ల పని మొదలైంది. గుంటూరు నుంచి పల్నాడుకు పోయే దారిలో ఉన్న సత్తెనపల్లి కూడా తర్వాతి కాలంలో లూథరన్ కేంద్రాల్లో ఒకటైంది. నరసరావుపేట వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. కతోలికుల కథ ఇంకా పాతది. తెలుగునాట రెడ్డి, కమ్మ కుటుంబాలు కొన్ని 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ ద్వారా ఆ మతంలోకి వచ్చాయి. ఈ ప్రాంతంలో ఫిరంగిపురం, రెంటచింతల కతోలికులకు పేరుపడ్డ ఊళ్లు. లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. 1927లో లూథరన్ సంఘాలన్నీ ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

మిషనరీలు రాకముందు పల్లెలో, అంటే ఊరికి ఎడంగా మాల, మాదిగలు ఉండే చోట, పెళ్లి చేయించడానికి బ్రాహ్మణ పురోహితుడు వచ్చేవాడు కాదు. మాలల పెళ్లిళ్లు మాలదాసరి చేయించేవాడు. ఊరి చాకలి, మంగలి కూడా పల్లె గడప తొక్కేవారు కాదు. ఊళ్లో పెళ్లికి వృత్తికులాలవాళ్లు చేసే పనులన్నీ పల్లెలో చుట్టాలే చేసుకోవలసి వచ్చింది. పందిరి గుంజలు పాతడం, తాటాకు కప్పడం, నీళ్లు మోయడం, గాడిపొయ్యి తవ్వడం, మోదుగాకు విస్తళ్లు కుట్టడం, వంట, వడ్డన, ఎంగిలాకులు ఎత్తడం దాకా అన్నీ వాళ్లవే. ఈ ప్రాంతపు క్రైస్తవ పెళ్లిళ్లలో బంధువుల సాయం ఇంత బలంగా కనిపించడానికి ఆప్యాయత ఒక్కటే కారణం కాదు. చేసిపెట్టే మనిషి బయటినుంచి రాడు కాబట్టి ఇంటివాళ్లే చేసుకున్నారు. ఆ అలవాటు మతం మారినా పోలేదు. మారిందల్లా దాసరి కూర్చునే చోటే. అక్కడికి మొదట మిషనరీ దొర, తర్వాత తెలుగు పాస్టరు వచ్చారు.

ఏ ఆచారం ఉంచుకోవాలి, ఏది మానాలి అన్న తగవు లూథరన్లకన్నా చాలా ముందే మొదలైంది. పోపు ప్రతినిధిగా వచ్చిన తుర్నోన్ 1704లో పుదుచ్చేరిలో ఒక ఆజ్ఞాపత్రం ప్రకటించాడు. జెసూట్లు తమ క్రైస్తవులకు అనుమతించిన ఆచారాల్లో చాలావాటిని అది నిషేధించింది. వినాయకుడి రూపు ఉన్న తాళి కట్టకూడదు. 108 పోగులు పేని పసుపు రాసిన తాడు వాడకూడదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడకూడదు. అయితే తాళిని మాత్రం తీసేయమనలేదు. దాని మీద సిలువ గాని మరియమ్మ రూపు గాని ఉండాలన్నారు. వివాదం నలభై ఏళ్లు సాగింది. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ తుది తీర్పుతో అది ముగిసింది. ఇవాళ పల్నాడులో పుస్తెల మీద కనిపించే సిలువ గుర్తు వెనక ఇంత కథ ఉంది. లూథరన్, బాప్టిస్టు గుళ్లలో కూడా తాళి నిలిచింది. కొన్నిచోట్ల ఉంగరాలు మార్చుకోవడం దానికి తోడైంది. సమర్థించడానికి ఎన్ని మాటలు చెప్పినా అసలు కారణం తేలికైనదే. మెడలో తాళి లేని ఆడమనిషిని ఊరు పెళ్లయినదానిగా లెక్కవేయదు, ఆమె ఉండవలసింది ఆ ఊళ్లోనే.

బాప్టిస్టుల వైపు పట్టు ఇంకా గట్టిగా ఉండేది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, కరవు వెన్నంటే 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. చేరేవాళ్లకు ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొక్కు మానడమంటే అమ్మవారి జాతరలో డప్పు మానడం కూడా. డప్పు కొట్టడం మాదిగలు ఊరికి చేయవలసిన వెట్టి. అందుకని మానేసినవాళ్లకు రైతులతో తగవులు వచ్చాయి. పెళ్లి ఊరేగింపులో వాద్యం ఏదన్న ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. డప్పు పక్కకు జరిగి బ్యాండుమేళం వచ్చింది. ఆడవాళ్ల పెళ్లిపాటల చోట చాలావరకు కీర్తనలు చేరాయి. కీర్తన పరాయిదిగా అనిపించకపోవడానికి పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు కారణం. ఆయన కీర్తనలను దేశీ రాగతాళాల్లో కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ పెళ్లి ఆరాధనలో చేతికి వస్తుంది.

గుడి పెళ్లికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం, ఆ ఏడాది 15వ చట్టం. వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా అది వర్తిస్తుంది. పెళ్లి ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు మధ్యనే జరగాలని దాని 10వ సెక్షను చెబుతుంది. ప్రత్యేక అనుమతులున్న కొన్ని సంఘాలకు మాత్రమే మినహాయింపు. చుట్టూ అర్ధరాత్రి ముహూర్తాలు, తెల్లవారుజాము ముహూర్తాలు. వాటి మధ్య క్రైస్తవుల పెళ్లి పట్టపగటి పెళ్లి అయింది. పంచాంగం చూసే పని లేకపోవడంతో తేదీని సంఘం క్యాలెండరు, పొలం పనులు, బడి సెలవులు కలిసి నిర్ణయించాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజుల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. మిరప, పత్తి డబ్బులు చేతికి వచ్చి, పిల్లలకు సెలవులుండే వేసవే అందరికీ అనుకూలం. మండే ఎండలో మధ్యాహ్నం భోజనాలు వడ్డించవలసి వచ్చినా అదే పద్ధతి సాగింది.

ప్రధానం అయ్యాక మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదువుతారు. ఫలానా ఊరి ఫలానావారి అబ్బాయికి, ఫలానావారి అమ్మాయికి పెళ్లి, అభ్యంతరం ఉన్నవారు చెప్పాలి అని దాని సారాంశం. చెల్లెళ్లూ మరదళ్లూ ఆ మూడు ఆదివారాలూ పెళ్లికూతురిని ఆటపట్టిస్తారు. వయసు సంగతికి వస్తే, భారతీయ క్రైస్తవులకు మొదట్లో చట్టం పెట్టిన హద్దు అబ్బాయికి 16, అమ్మాయికి 13 ఏళ్లు దాటడమే. అది పెరుగుతూ వచ్చి 1978 సవరణతో 21, 18 అయింది. అయితే చట్టం కన్నా ముందే బడి ఈ మార్పు తెచ్చింది. మిషన్ బాలికల హాస్టళ్లలో చదివి టీచర్లైన ఆడపిల్లలు, గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి వంటిచోట్ల నర్సులైనవాళ్లు ఆలస్యంగా పెళ్లి చేసుకున్నారు. వాళ్ల సంబంధాలు పక్క ఊరు దాటి జిల్లా అంతటా కుదిరాయి.

చట్టంలో చుట్టాలకు దొరికిన చోటు ఒక్కటే, సాక్షి సంతకం. తాళి కట్టడం, ప్రమాణాలు, ప్రార్థన అయ్యాక వధూవరులు బల్ల దగ్గరికి వస్తారు. పెద్ద అట్టల రిజిస్టరు తెరిచి ఉంటుంది. పేర్లు, వయసులు, వృత్తి, తండ్రుల పేర్లు గడుల్లో ముందే నింపి ఉంటాయి. వధూవరులు, అయ్యగారు, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తారు. అబ్బాయి తరఫు ఒకరు, అమ్మాయి తరఫు ఒకరు రావడం మర్యాద. తరచుగా ఆ పిలుపు బాబాయి కొడుక్కో, మేనత్త కొడుక్కో వస్తుంది. దీని నకలు ప్రభుత్వ రిజిస్ట్రారుకు చేరాలి. వేళ తప్పి గాని సాక్షులు లేకుండా గాని పెళ్లి జరిపిన పాస్టరుకు జైలుశిక్ష పడవచ్చు. అందుకే సంఘంలో పెద్దవాళ్లు ఎంత తొందరపెట్టినా అయ్యగారు సంతకాల దగ్గర నింపాదిగా ఉంటారు.

వధువు తెల్ల పట్టుచీర, ముసుగు మిషన్ కాలపు చేర్పులే. తెలుపు వితంతువుల రంగుగా చూసే సమాజంలో పెళ్లికూతురికి తెల్లచీర అంటే ముసలివాళ్లు ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా జరీ అంచున్న మీగడరంగు చీర వచ్చింది. ముసుగు జారకుండా పిన్నులు పెట్టే పని తోడుపెళ్లికూతురిది, అంటే ఎక్కువగా చెల్లెలో మరదలో. ఇంటికొచ్చాక ఆ చీర మార్చి రంగుచీర కట్టిస్తారు. నలుగు పెట్టి స్నానం చేయించడం చాలా ఇళ్లలో ఆగలేదు, బొట్టు మాత్రం పోయింది. అక్షింతల బదులు పూలరెక్కలు చల్లుతారు. తర్వాత వచ్చిన పెంతెకోస్తు సంఘాలు, బక్త్ సింగ్ (1903–2000) బోధతో ఏర్పడ్డ సహవాసాలు ఇంకా ముందుకు పోయి నగలే వద్దన్నాయి. వాటిలో కొన్ని తాళిని కూడా మానిపించాయి. అక్కాచెల్లెళ్ల పిల్లలు వేర్వేరు సంఘాల్లో ఉన్న ఇంట్లో ఈ తేడాలు పెళ్లి రోజున బయటపడతాయి.

మేనరికం విషయంలో ఏ సంఘమూ పెద్దగా నెగ్గలేదు. కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి నిషిద్ధం. కాని దానికి మినహాయింపు ఇచ్చే అధికారం ఉంది. తెలుగు కతోలికులు ఆ మినహాయింపు అడిగి తీసుకుంటూ వచ్చారు. 1872 చట్టం కూడా వావివరసల పట్టిక ఏదీ ఇవ్వకుండా, ఎవరి ధర్మం నిషేధించిన పెళ్లి వారికి చెల్లదని మాత్రమే అంది. ఫలితంగా పెళ్లిలో పనిచేసే బావ, మరదలు రేపటి వధూవరులయ్యే అవకాశం క్రైస్తవ ఇళ్లలోనూ మిగిలింది. బంధుత్వం చిక్కబడింది, సాయం బాకీగా మారింది.

ఆ బాకీకి లెక్క చదివింపుల పుస్తకం. చేతిరాత బాగున్న కుర్రవాడిని ఒకణ్ని పందిరి మొగదల కూర్చోబెడతారు. ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం రాయడం అతని పని. ఆ పుస్తకం బీరువాలో బట్టల కింద భద్రంగా ఉంటుంది, చదివించినవాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు బయటికి వస్తుంది. డబ్బుల్లో మరో మార్పు ఇంత హాయిగా లేదు. మాల, మాదిగల్లో అబ్బాయివాళ్లే అమ్మాయివాళ్లకు ఓలి ఇచ్చే ఆచారం ఉండేది. చదువు, ఉద్యోగం వచ్చాక అది తలకిందులై కట్నమైంది. 1961 వరకట్న నిషేధ చట్టం అందరికీ ఒక్కటే, దాన్ని లెక్కచేయకపోవడంలో కూడా క్రైస్తవ ఇళ్లు తక్కిన ఇళ్లకు తీసిపోలేదు.

భోజనాన్ని మార్చింది నీళ్లు. మెట్టపైర్ల పల్నాడులో రోజూ తినేది జొన్నన్నం, వరి అన్నం పెట్టడమే విందు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కుడికాలువ కింద వరి పెరిగింది. అన్నంలో విశేషం పోవడంతో విందు మాంసం కూరకు, బిర్యానీకి చేరింది. పెళ్లి రోజునే మాంసం వడ్డించడం క్రైస్తవ పెళ్లికి గుర్తుగా మిగిలింది. హిందూ బంధువుల కోసం వేరే బంతి, వేరే వంటమనిషి కూడా ఉంటారు. ఒకే తాత మనవళ్లలో కొందరు హిందువులు, కొందరు క్రైస్తవులు కావడం ఇక్కడ మామూలే. ఈ తేడా రిజర్వేషన్లలోనూ లెక్కకు వస్తుంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చింది, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద లెక్కిస్తారు, అక్కడ ఉన్న రిజర్వేషన్ 1 శాతం. చర్చి రిజిస్టరు మతానికి రాతపూర్వక ఆధారం కాబట్టి ఈ నిబంధన నీడ పెళ్లి మీదా పడుతుంది.

ఫంక్షన్ హాళ్లు, క్యాటరింగ్ వచ్చాక గాడిపొయ్యి, తాటాకు పందిరి తగ్గాయి. కుర్రవాళ్లకు ఇప్పుడు మిగిలిన పనులు కార్డులు పంచడం, స్టేషన్ నుంచి చుట్టాలను తేవడం, బఫే దగ్గర పెద్దవాళ్లకు కుర్చీలు వేసి ప్లేటు అందించడం, విదేశాల్లో ఉన్నవాళ్లకు ఫోనులో ఆరాధన చూపించడం. గుడి వంతు మాత్రం తగ్గలేదు. 2002లో రాష్ట్రం వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. పాస్‌పోర్టుకో వీసాకో పెళ్లి రుజువు కావలసినవాళ్లు మొదట వెళ్లేది, రిజిస్టరు నకలు కోసం, తాళి కట్టిన గుడి దగ్గరికే.