వంగిన వెన్నెముకకు వ్యాయామము

వెన్నెముక ప్రక్కకు వంగి మెలితిరుగుటను స్కోలియోసిస్ అందురు. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలైనను ఉన్నగాని ఆ పేరు పెట్టరు.

1894లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున జన్మించిన కాథరీనా ష్రోత్‌కు ఈ వంపు ఉండెను. పదునారవ యేట ఆమెకు ఉక్కు కవచము తొడిగిరి. ఆమె వైద్యురాలు కాదు, ఉపాధ్యాయిని. సొట్టపడిన రబ్బరు బంతి గాలితో మరల ఉబ్బుట చూచి, తన వీపున లోతుపడిన వైపునకే ఊపిరి నింప యత్నించినది. అద్దము ముందు నిలిచి ఫలితము చూచుకొన్నది. 1921లో మైసెన్ పట్టణమున చికిత్సాలయము తెరచినది.

1941లో అమెరికా ఎముకల వైద్యుల సంఘపు కమిటీ 425 మంది రోగుల వివరములు పరిశీలించి, వ్యాయామము వలన ప్రయోజనము కనబడలేదని నివేదిక ఇచ్చినది. ఆ తీర్పు మంచిచెడ్డల నెంచక వ్యాయామము లన్నిటికిని అంటుకొన్నది. ఆంగ్లము మాట్లాడు దేశములలో ఫిజియోథెరపిస్టులకు ఈ విద్య చాలకాలము అరకొరగానే అందినది. వంపును కనిపెట్టినవారికి సైతము ఏ సాధన చేయించవలెనో చెప్పు ధైర్యము చాలదయ్యెను. పిల్లల ఎదుగుదల మాత్రము ఆగదు గదా! వంపు పెరుగునది ఆ కాలముననే.

2014లో ప్రకటితమైన ఇటలీ పరిశోధనలో 110 మందిని రెండు జట్లు చేసిరి. ఎవరి వంపునకు తగినట్లు వారికి కుదిర్చిన సాధన చేసిన జట్టులో అది సగటున సుమారు 5 డిగ్రీలు తగ్గినది; సాధారణ వ్యాయామము చేసినవారిలో తగ్గలేదు. ఇవి 25 డిగ్రీలలోపు వంపులు. అంతకు మించి, బిడ్డ ఇంకను ఎదుగుచున్నచో, కవచము కూడ అవసరమగును.