సింహాసనమునకు వెల



శంషాబాదున విమానము లెగయుట మీలో పెక్కురు చూచియే యుందురు. 2008లో అచ్చట విమానాశ్రయము వెలసెను. కాని ఆ యూరి పేరు అంతకంటె చాల పాతది. దాని వెనుక సింహాసనముల కథ యొకటి గలదు. ఆ కథ తెలియుటకు ముందు మనము రోమునగరమునకు బోవలెను.

క్రీ.శ. 193లో పెర్టినాక్సు చక్రవర్తిని ఆయన యంగరక్షకదళమువారే చంపిరి. అంతటితో నూరకుండక సామ్రాజ్యమును వేలమువేసిరి. డీడియస్ జూలియానస్ అను ధనికుడు భటునికి 25,000 సెస్టర్సు నాణెముల చొప్పున పాడి కిరీటమును గొనెను. అది 66 దినములే నిలిచెను. పిదప సేనతో వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఆ భటులను వెడలగొట్టి, వారి స్థానమున తన సైనికులను నిలిపెను.

మన దేశమునను ఇట్టిదే జరిగినది. 1748లో మొదటి అసఫ్ జా గతించెను. ఆయన కుమారుడు నాసర్ జంగునకును, దౌహిత్రుడు ముజఫర్ జంగునకును గద్దెకై వైరము పుట్టెను. 1750 డిసెంబరులో జింజీ చెంత ఫ్రెంచివారు పైబడినవేళ, స్వపక్షమున నున్న కడప, కర్నూలు నవాబుల కుట్రకు నాసర్ జంగు బలియయ్యెను. రెండు నెలలకే ఆ నవాబులతో పోరుచు రాయచోటి ప్రాంతమున ముజఫర్ జంగు కూలెను. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ, శిబిరమున బందీగా నున్న సలాబత్ జంగును నిజామును జేసెను. 1752లో గద్దె గోరి వచ్చిన పెద్దన్న ఘాజీయుద్దీను ఔరంగాబాదున విషప్రయోగమువలన మరణించెను.

మరి బుస్సీ సేనకు జీతమెవ్వ రీయవలెను? అందులకై 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు ఫ్రెంచివారి వశమయ్యెను. గద్దె నిజామునిది, వెల కృష్ణాగోదావరీ తీరముల కాపువాని పంట.

1762లో తమ్ముడు నిజాం అలీ ఖాను, సలాబత్ జంగును బీదరు కోటలో బంధించెను; మరుసటి యేట నతడచ్చటనే మరణించెను. సెవెరసువలెనే నిజాం అలీయు నమ్మిన సేనను గూర్చుకొనెను. తేగ్ జంగు అను సరదారునకు సేనాపోషణార్థము జాగీరు లిచ్చి, 'షంసుల్ ఉమరా', అనగా ప్రభువులలో సూర్యుడు, అను బిరుదొసగెను. ఆ పైగా వంశపు బిరుదమే శంషాబాదు నామమున నిలిచియున్నది.

పాఠశాలలో ఈ చరిత్ర చెప్పునపుడు, వీరిలో మంచిరాజెవ్వడని బాలురు నన్నడిగెడివారు. "రాజును తరువాత చూతము, అతని భటునికి జీత మెవరి పొలమునుండి వచ్చెనో ముందు చూడుడు" అని నేను చెప్పెడివాడను. తండ్రి యనంతరము రాజెవ్వడో ధర్మము నిర్ణయింపనిచోట కత్తి నిర్ణయించును. ఆ కత్తికి కూలి గ్రామమే చెల్లించును.