పెంపకపు ధర్మము - బిడ్డ యక్కఱ

దిక్కులేని బిడ్డను చేరదీయుట పుణ్యమని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. కాని చేరదీసిన బిడ్డకు నిజముగా ఏమి కావలయునో కనుగొనుట యెట్లు? కనుగొను నధికారము ఎవరిది? ఆ యధికారమునకు హద్దులేవి? ఈ ప్రశ్నలకు సమాధానము పెక్కు కష్టముల పిమ్మట, మెల్లమెల్లగా లభించినది. ఆ చరిత్రను హనుమంతునిపాడు ప్రాంతమును మనస్సున నుంచుకొని మీకు మనవి చేయుదును.

1970లో ప్రకాశము జిల్లా యేర్పడువఱకు కనిగిరి సీమ నెల్లూరు జిల్లాలోను, పొరుగున నున్న మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. పాలన వేఱైనను మెట్టచేలు, వానకై యెదురుచూపు రెంటికి నొక్కటే. 1876లో వానలు తప్పి, ధాత, ఈశ్వర సంవత్సరముల మహాక్షామము దక్షిణదేశమును పట్టుకొన్నపుడు ఈ రెండు జిల్లాలును మిక్కిలి నలిగినవి.

ఆనాడు దొరతనమువారు వేసిన మొదటి ప్రశ్న, మనిషికి ఎంత గింజ చాలునన్నది. 1877 ఆరంభమున రాజప్రతినిధి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, సహాయపు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకు, దానిపై ఒక యణాకు తగ్గించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిషు దానిని తీవ్రముగా నెదిరించి, కష్టించువాని శరీరము ఆ తిండితో నిలువజాలదని వాదించెను. కొన్ని నెలలకే ఆ కూలిని పెంపవలసివచ్చెను. ఈ వాదమునుండి నేను గ్రహించిన నీతి యొకటి కలదు: అక్కఱను ఖజానావైపునుండి కొలిచినచో ఒక లెక్క వచ్చును, దేహమువైపునుండి కొలిచినచో వేఱొక లెక్క వచ్చును.

ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వు గుత్త తీసుకొని కఱవుబాధితులకు పని కల్పించెను. ఆయన సహాయము సాగినంతకాలము జ్ఞానస్నానములు నిలిపివేసెను. తరువాత 1878లో వేలమంది చేరినపుడు ఎవరేమనుకొన్నను, అన్నము పెట్టుచేయి ఆ యన్నమునకు వెల యడుగరాదను సూత్రము ఆ నిలుపుదలలో నున్నది. ఆకలితో నున్నవాని యొప్పుదల పూర్ణమైన యొప్పుదల కాదు. బిడ్డ విషయమున నిది మఱింత నిజము.

మనకు దత్తత యుండెను గదా యని మీరడుగవచ్చును. ఉండెను, కాని పాతధర్మశాస్త్రపు దత్తత వంశము నిలుపుటకును పిండప్రదానమునకును ఏర్పడినది. అందు ముందు చూడబడునది పెంచువారి యక్కఱ. ఆడుబిడ్డను దత్తు చేసికొను హక్కు హిందువులకు 1956 నాటి చట్టముతో గాని స్థిరపడలేదు. పెంపకము వేఱు. అందు బిడ్డ యక్కఱయే మొదలు. కన్నవారితో బంధము తెగవలసిన పనిలేదు.

1920లో వచ్చిన మద్రాసు బాలల చట్టము దిక్కులేని బిడ్డను బంధువునకో తగిన మనిషికో అప్పగింపవచ్చునన్నది. అయితే తగినవారని యొకసారి తేల్చిన చాలునా? చాలదని ఇంగ్లండులో నొక ఘోరము తెలిపెను. 1945 జనవరిలో, కమతమున్న యొక యింట పెంపకమునకు ఉంచబడిన 12 ఏండ్ల బాలుడు అక్కడి హింసచే మరణించెను. పోయి చూచిరావలసినవారు సరిగా చూడలేదని విచారణలో తేలెను. 1948 నాటి వారి బాలల చట్టమునకు ఈ మరణము ఒక ప్రేరణ.

మనదేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము ఈ పాఠములను చేర్చుకొన్నది. బిడ్డను బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెను, సామాజిక విచారణ 15 దినములలో ముగియవలెను, ప్రతి బిడ్డకును ప్రత్యేకమైన సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెను, బిడ్డ మాట వినవలెను, పేరు వెల్లడింపరాదు. కుటుంబమే మొదటి చోటు, ఆశ్రమము కడపటిది. ఇంటనే యుంచి పోషించుటకు ఆర్థికసాయము కూడ చట్టముననే యున్నది. మిషను వాత్సల్య పథకము దానిని నెలకు 4000 రూపాయలుగా నిర్ణయించినది.

ఇప్పుడు హనుమంతునిపాటికి రండు. ఈ ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. వానలు తప్పిన యేడు తల్లిదండ్రులు కూలికై దూరపట్టణములకు పోవుదురు. బిడ్డ అవ్వ యొద్ద నుండును. విచారణకై పరాయియూరినుండి వచ్చినవాడు గారపట్టిన పండ్లను చూచి, ఇంట శ్రద్ధ లేదని వ్రాయునేని, నీటి దోషమును అవ్వపై మోపినవాడగును. కారుచున్న కప్పును చూచి ప్రేమ లేదని వ్రాయునేని, పేదఱికమును నేరముగా నెంచినవాడగును. అట్టి రెండు పంక్తులవలన ఒక బిడ్డ తన యింటికి దూరము కావచ్చును.

కావున విచారించువాడు మంచినీరు ఎక్కడిదని, బడి యెంతదూరమని, రాత్రి భయము వేసిన బిడ్డ ఎవరి ప్రక్కకు చేరునని అడుగవలెను. అవ్వకు శక్తి చాలనిచో ఆ శక్తిని సమకూర్చు దారి ముందు వెదకవలెను. ఇల్లు నిజముగా ప్రమాదకరమైనచో జంకక బిడ్డను తప్పింపవలెను. తప్పించి యుంచిన చోటికి మరల మరల పోయి చూడవలెను. ఇది దయతో ముగియు పని కాదు, బాధ్యతతో సాగవలసిన పని. ఒక పౌను గింజ చాలునన్న లెక్క కాగితముపై సరిగానే యుండెను. దానికి బదులు చెప్పినవి కూలివాని యెముకలు. బిడ్డను గూర్చి వ్రాయు ప్రతివాడును కలము పట్టునపుడు ఈ మాట మఱవకుండునుగాక.