ముద్దుపేరు - దఫ్తరు పేరు : మన ఓరుగల్లు చెప్పే పాఠము

మన ఇండ్లలో బిడ్డ పుట్టిన ఏడవనాడు అఖీఖా చేసి పేరు పెట్టుట ఆచారము. కాని ఆనాటికే దాదీ ఒక పేరుతో, నానీ ఒక పేరుతో పిలవడం మొదలుపెట్టి ఉంటారు. మున్నా, గుడ్డూ, చాంద్, పాషా, మున్నీ - ఇవే నోట నిలుస్తాయి. అర్థం చూసి పెట్టిన అరబ్బీ పేరు అఖీఖానాడు వినిపించి, మళ్లీ బడిలో చేర్పించేనాడు గాని బయటికి రాదు. ఈ రెండింటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవాలి? జవాబు కొరకు దూరం పోనక్కరలేదు, మన ఓరుగల్లు చరిత్రలోనే ఉన్నది.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు ఖిల్లాను జయించి కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా తీసుకొనిపోయినవి. ఆ సేనలను నడిపినవాడు ఉలుగ్ ఖాన్. ఆయన ఈ నగరానికి సుల్తాన్‌పూర్ అని క్రొత్త పేరు పెట్టినాడు. అది పాలకులు పెట్టిన పేరు, దఫ్తరు పేరు. పదమూడేండ్లు తిరగక ముందే ముసునూరి కాపయ నాయకుడు నగరాన్ని తిరిగి గెలుచుకున్నాడు. సుల్తాన్‌పూర్ అనే పేరు చరిత్ర పుస్తకాలకే మిగిలింది. జనం నోట ఓరుగల్లు ఓరుగల్లుగానే, వరంగల్ వరంగల్‌గానే ఉన్నది.

ఇక పేరు పెట్టిన ఉలుగ్ ఖాన్ సంగతి చూడండి. ఉలుగ్ ఖాన్ అన్నది బిరుదు. గద్దె ఎక్కిన తర్వాత ఆయన సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్. కాని చిన్ననాటి పేరు జౌనా. ఆయన చనిపోయిన తర్వాత, 1359లో ఫిరోజ్ షా తుగ్లక్ గోమతీ తీరాన ఒక పట్టణం కట్టించి, ఆయన జ్ఞాపకార్థం దానికి పెట్టిన పేరు జౌన్‌పూర్. అధికారంతో పెట్టిన సుల్తాన్‌పూర్ మన దగ్గర పోయింది. ప్రేమతో తలచిన జౌనా పేరు నేటికీ ఉన్నది.

ఇంతకంటే విచిత్రమైన కథ మన ఓరుగల్లు మనిషిది. ప్రతాపరుద్రుని కొలువులోని ఒక తెలుగు నాయకుడు ఢిల్లీకి చేరి ఇస్లాం స్వీకరించగా, సుల్తాను ఆయనకు మక్బూల్ అని పేరు పెట్టినాడు. మక్బూల్ అంటే అంగీకరింపబడినవాడు. మారన కవి తెలుగు మార్కండేయ పురాణాన్ని అంకితం పుచ్చుకున్న నాగయ గన్న ఈయనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. తెలుగు కావ్యములో గన్నయ, ఢిల్లీ దర్బారులో మక్బూల్, తర్వాత ఖివాముల్ ముల్క్, చివరకు ఫిరోజ్ షా వజీరుగా ఖాన్-ఎ-జహాన్. ఇన్ని బిరుదులు వచ్చినా ఆయనను చరిత్ర మక్బూల్ తిలంగానీ అనే గుర్తుపెట్టుకున్నది. పుట్టిన నేల పేరు మాత్రం వదలలేదు గదా!

ఈ మక్బూల్ ముల్తానులో ఉన్న రోజులలో కొడుకు పుట్టినాడు. సుల్తానుకు విన్నవించగా, బిడ్డకు జౌనా షా అని పేరు పెట్టుమని ఫర్మాన్ వచ్చిందని చరిత్రకారుడు షంస్ సిరాజ్ అఫీఫ్ వ్రాసినాడు. అంటే సుల్తాను తన చిన్ననాటి పేరునే ఆ బిడ్డకు ఇచ్చినాడన్నమాట. ఆ బిడ్డ పెరిగి తండ్రి తర్వాత వజీరైనాడు. పాత ఢిల్లీలో తుర్క్‌మాన్ దర్వాజా దగ్గరి కలాన్ మసీదు 1387 నాటి శాసనములో ఆయన పేరు నేటికీ చదువవచ్చును. పిలుపు పేరు ఫర్మానులోకి, ఫర్మాను నుండి రాతిపైకి ఎక్కినది.

మన జిల్లాలలో ఇలాంటి ఉదాహరణలు ఇంకా ఉన్నవి. దఫ్తరులో మహబూబాబాద్, ప్రజల నోట మానుకోట. అన్నారం షరీఫ్ యాకూబ్ బాబాకు మ్రొక్కుకుని పుట్టిన పిల్లలు మన ఇండ్లలో యాకూబ్ పాషా, హిందూ సోదరుల ఇండ్లలో యాకయ్య, యాకమ్మ. ఒకే పేరు రెండు ఇండ్లలో పెరిగింది.

మన దీన్‌లో ముద్దుపేరుకు అడ్డు లేదు. హజ్రత్ అలీకి ప్రవక్త (స) పెట్టిన అబూ తురాబ్ అన్న పిలుపు ఆయనకు ఎంతో ఇష్టం. పిల్లిపిల్లను పెంచిన సహాబీని లోకమంతా అబూ హురైరా అనే ఎరుగును. అయితే చెడ్డ పేర్లతో పిలువవద్దని సూరా హుజురాత్‌లో స్పష్టమైన ఆజ్ఞ ఉన్నది. ఆసియా అన్న పేరుకు అవిధేయురాలు అని అర్థం వచ్చినందున ప్రవక్త (స) దానిని జమీలాగా మార్చినారు. కావున కాలూ, లంగ్డా, మోటూ వంటి పిలుపులు ముద్దుపేర్లు కావు, బిడ్డకు గాయాలు.

అసలు చిక్కు ముద్దుపేరు రిజిస్టరులోకి వచ్చినప్పుడు. బడిలో చాంద్ పాషా, రేషన్ కార్డులో మహమ్మద్ చాంద్, ఆధార్‌లో ఎం.డి. చాంద్, నిఖానామాలో ఇంకొక పేరు. ఉర్దూలో ఒకే తీరుగా వ్రాసే పేరు తెలుగు, ఇంగ్లీషు అక్షరాలలోకి వచ్చేసరికి నాలుగు తీర్లవుతుంది. తర్వాత గల్ఫ్ పాస్‌పోర్టుకో, తండ్రి ఆస్తి పంపకానికో ఈ నలుగురూ ఒక్కరేనని అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడికి, పాస్‌పోర్టుకు, ఓటుకు జనన ధృవపత్రమే ఆధారము. పేరు లేకుండా జననం నమోదు చేసినా, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చును.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అర్థం మంచిది, నోటికి సులువైనది, ఇంట్లో కూడా పిలువదగిన పేరు ఎంచుకోండి. అదే పేరు, అవే అక్షరాలు, అన్ని కాగితాలలో వ్రాయించండి. ఎం.డి., ఎస్.కె. అని కుదించక మహమ్మద్, షేక్ అని పూర్తిగా వ్రాయించండి. నానీ మున్నా అంటే అననివ్వండి, ఆ ప్రేమను ఎవరూ ఆపలేరు. జనం పిలువని పేరు సుల్తాన్‌పూర్ వలె మాయమవుతుంది, కాగితానికెక్కని పేరు కచ్చేరీలో నిలువదు. పిలుపూ వ్రాతా ఒక్కటైన పేరు జౌనా షా పేరువలె ఆరువందల ఏండ్లయినా చెరగదు. అల్లాహ్ మన పిల్లలను మంచి పేరుతో బ్రతికించుగాక! ఆమీన్.