బాంకాకు నగరాలయములందలి రామకథ

1939వ సంవత్సరమున థాయిలాండని పేరు మార్చుకొనిన శ్యామదేశమునకు రాజధాని బాంకాకు. ఆ నగరమును జూడబోవు భారతీయునకు మొట్టమొదట గలుగునది పరిచితభావము. నదీతీరమున నరుణుని పేర నొక యాలయము; రాజప్రాసాదపు టావరణములో రాక్షసవిగ్రహములు; మండపకుడ్యములపై రామరావణయుద్ధము. ఇవి యన్నియు మన సొత్తేయని సంతసించి మరలువారు పెక్కండ్రు. ఆ సంతోషము సహజమే గాని చరిత్రజ్ఞానమున కది చాలదు. ఆ దేశపు భాషలో సంస్కృతపదముల గతి నెరిగినవారికి ఆలయముల గతియు సులభముగా బోధపడును. "దశకంఠ" యని వ్రాసి "తోసకన్" అని పలుకుదురు. మన "రామకీర్తి" శబ్దమే వారి నోట "రామకియన్" ఐనది. వర్ణక్రమము మనది, ఉచ్చారణము వారిది. నగరమంతయు నీ తీరుననే యున్నది.

మన యయోధ్య పేరున వెలసిన అయుత్థయ నగరము 1351 మొదలు నాలుగు శతాబ్దులకు పైగా రాజధానియై యుండి, 1767లో బర్మాసేనలచే నాశనమయ్యెను. పిమ్మట తాక్సిన్ రాజు నదికి బశ్చిమమున థోన్‌బురిలో నుండి పాలించెను. 1782 ఏప్రిలు 6వ తేదీని చక్రివంశపు మొదటి రాజు సింహాసనమెక్కి, తూర్పుటొడ్డున నూతననగరమునకు బూనుకొనెను. ఏప్రిలు 21వ తేదీని నగరస్తంభము నాటబడెను. ఆ నగరమునకు బెట్టిన దీర్ఘనామములో అయుత్థయ పేరును, ఇంద్రుని యాజ్ఞచే విశ్వకర్మ నిర్మించెనను మాటయు గలవు. ఆ రాజు ప్రాసాదముల నెత్తించెను. 1797లో రామకియన్ కావ్యమును దన యాస్థానమున రచింపించెను. 1805లో ధర్మశాస్త్రమును సంస్కరింపజేసెను. నశించినదానిని మరల నిలుపుటయే వీనియన్నిటి యుద్దేశము. ఆయన తలచినది సరయూతీరపు టయోధ్యను గాదు, కాలిపోయిన తమ యయుత్థయను.

ప్రాసాదావరణములోని వాట్ ఫ్రా కేవ్ ఆలయమున నీ సంగతి ప్రత్యక్షము. గర్భాలయమున నున్నది మరకతబుద్ధుడని ప్రసిద్ధి కెక్కిన హరితశిలావిగ్రహము. ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. వియెంత్యాన్ నగరమునుండి 1779లో దేబడి 1784లో నిచ్చట బ్రతిష్ఠింపబడెను. వేసవి, వాన, చలి కాలముల కనుగుణముగా దీనికి మూడు స్వర్ణాలంకారములు గలవు. వానిని మార్చుట రాజుచేతి విధి. ఆలయముచుట్టునున్న మండపమున 178 చిత్రఫలకములలో రామకథ గలదు. వీనిని పలుమారు తిరిగి చిత్రించిరి. 1932లో నగరపు నూటయేబదియేండ్ల యుత్సవమునకును, 1982లో ద్విశతాబ్ద్యుత్సవమునకును జీర్ణోద్ధరణము జరిగెను. కావున నేటి వర్ణములను జూచి మొదటి రాజు కాలపు చిత్రకళను నిర్ణయింపరాదు. అంతకంటె గమనింపదగినది స్థానవిన్యాసము. బుద్ధుడు లోపల, రాముడు ప్రాకారమున. ద్వారములు గాచు పండ్రెండుగురు రాక్షసులలో దశకంఠుడొకడు. మన కథలో శత్రువైనవాడు అక్కడ భక్తితో గావలి యున్నాడు.

కథయు నట్టిదే. రామకియన్‌లో సీత దశకంఠుని కూతురు. పుట్టినపుడే విడువబడి జనకునకు దొరకినది. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతుబంధనసమయమున నడ్డుపడిన దశకంఠపుత్రి సువర్ణమత్స్యను వలచి చేపట్టెను. ఇది వాల్మీకమునకు విరుద్ధమని త్రోసివేయబోవు పండితులు మన రంగనాథరామాయణమును స్మరింతురుగాక. సేతువు కట్టునపుడు ఇసుక మోసిన యుడుత వాల్మీకమున లేదు. ఐనను తెలుగువారికి దానిపై మక్కువ తగ్గలేదు. మనకు జెల్లిన స్వాతంత్ర్యము వారికి జెల్లదనుట న్యాయము కాదు.

ఈ గ్రహణశక్తి భారతవస్తువులయందే గాక యితరములందును గానవచ్చును. 1882లో బూర్తియైన చక్రి మహాప్రాసాదమునకు గోడలు ఐరోపారీతివి, శిఖరములు స్వదేశపువి. అరుణాలయపు గోపురమున చీనా పింగాణిముక్కలు పూలై కూర్చబడినవి. వాట్ ఫో ఆలయమున 46 మీటర్ల శయనబుద్ధునకు సమీపముననే, ఉపసంపదామందిరపు పీఠముచుట్టు 152 చలువరాతి ఫలకములపై మరల రామకథ.

ఇంకొక జాగ్రత్త. చక్రివంశపు రాజులను మొదటి రాముడు, రెండవ రాముడు అని లెక్కించుట యారంభమునుండి వచ్చిన యాచారము కాదు. ఆరవ రాజగు వజిరావుధుడు (1910–1925) ప్రవేశపెట్టినది. పేరు ప్రాచీనమైనంత మాత్రమున వాడుక ప్రాచీనము కానేరదు.

ఆ నగరమున మార్చి మొదలు మే వరకు నెండ దుస్సహము. ప్రొద్దుననే ప్రాసాదముల జూచి, ఎండ ముదిరినపుడు చిత్రమండపపు నీడ జేరుట మేలు. అచ్చట తెలిసిన పేరులను వెదకుటతో దృప్తిపడక, తెలియని ఘట్టములయొద్ద నిలిచి చూడవలెను. రామకథ యచ్చటివారికి సొంతమైనది ఆ ఘట్టములందే.