తొమ్మిది నెలలా, పది నెలలా?



మేము చదివింది తమిళ మీడియం. బళ్లో తల్లి పది నెలలు మోసిందని చెప్పేవారు. ఇంటికొస్తే మా అవ్వ నవమాసాలు మోసి కన్నాననేది. ఏది సరో అప్పుడు అడగలేదు. ఈ ఏడాది మొదట్లో మా బంధువుల ఇంట్లో జరిగిన రగడ వల్ల ఆ లెక్క వెతికి చూశాము.

కొత్త కోడలు. పెళ్లయి ఆరు వారాలు. స్కాన్ రిపోర్టులో ఎనిమిది వారాలని ఉంది. పెద్దవాళ్ల ముఖాలు మారిపోయాయి. ఆ పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తప్పు ఆ పిల్లది కాదు, లెక్క తెలియని మనది.

గర్భం నిలిచిన రోజు సాధారణంగా ఎవరికీ తెలియదు. తెలిసేది చివరి నెలసరి మొదటి రోజే. అందుకే డాక్టర్ల లెక్క అక్కడ మొదలవుతుంది. డచ్ వైద్యుడు బూర్హావే చెప్పిన ఈ పద్ధతిని 19వ శతాబ్దం మొదట్లో హైడెల్‌బర్గ్ వైద్యుడు నేగెలె వాడుకలోకి తెచ్చాడు. ఆ తేదీకి 7 రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కు వెళ్లి, తర్వాతి సంవత్సరం వేసుకోవాలి. 2023 జనవరి 10 అయితే కాన్పు అక్టోబర్ 17 ప్రాంతంలో. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు.

ఇందులో మొదటి రెండు వారాలు కడుపులో బిడ్డే ఉండదు! ఆరుకు రెండు కలిపితే ఎనిమిది. అంతే సంగతి.

280 రోజులంటే 28 రోజుల నెలలు సరిగ్గా పది. ఆ రెండు వారాలు తీసేస్తే 266. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29½ రోజులు కాబట్టి అవి దాదాపు తొమ్మిది నెలలు. బడి మాటా సరే, అవ్వ మాటా సరే. మొదలుపెట్టిన రోజు వేరు. రైల్వేలో కూడా అడ్వాన్స్ రిజర్వేషన్ లెక్కలో ప్రయాణం రోజును కలపరు. ఆ ఒక్క రోజు కోసం కౌంటర్ దగ్గర ఎన్ని పోట్లాటలు చూశామో!

తేదీ గుర్తులేని వారికి పూర్వం మంత్రసానులు పొట్ట తడిమి చెప్పేవారు. గర్భసంచి బొడ్డు దాకా వస్తే సుమారు 20 వారాలు. తొలిచూలులో బిడ్డ కదలిక తెలిసేది 18, 20 వారాలకు. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ ఫలితాలు ప్రకటించింది. 1973లో అక్కడి రాబిన్‌సన్ బిడ్డను తల నుంచి పిరుదు దాకా కొలిచి వయసు చెప్పే పద్ధతి ఇచ్చాడు. మొదటి మూడు నెలల్లో ఈ కొలత వారం లోపు తేడాతో చెబుతుంది. చివరి నెలల్లో తేడా మూడు వారాల దాకా పోవచ్చు. మన దేశపు తల్లుల స్కాన్‌లతోనే ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్ శాస్త్రజ్ఞులు గర్భిణి-జీఏ2 అనే లెక్క తయారు చేసి 2024లో ప్రకటించారు.

కాబట్టి అమ్మాయిలు నెలసరి తేదీ రాసిపెట్టుకోవాలి. మొదటి స్కాన్ మూడు నెలల లోపే చేయించండి. పెళ్లిపత్రిక పక్కన పెట్టుకుని మాత్రం లెక్క వేయకండి.

ఆ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించాము. మొన్న ఫోన్ చేసి ఏడో నెల సీమంతానికి రమ్మన్నారు. "ఏ లెక్కలో ఏడో నెల?" అని మేము అడిగితే, ముందుగా నవ్వింది ఆ పిల్లే.