బోనునుండి అడవికి

సిద్దిపేటనుండి హైదరాబాదునకు విహారయాత్ర పోవు బడిపిల్లలు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పులిని, సింహమును చూచి మురిసిపోవుదురు. 1963లో ప్రారంభమైన ఆ తోటలో సందర్శకుల కంటబడని పని యొకటి జరుగుచున్నది. దాని కథ వినదగినది.

పూర్వము జంతుశాలలు అడవి మృగములను పట్టి తెచ్చి చూపించు చోట్లు. 1956 డిసెంబరు 22న అమెరికాలోని కొలంబస్ జంతుశాలలో కోలో అను గొరిల్లా పిల్ల పుట్టినది. మానవ సంరక్షణలో జన్మించిన మొదటి గొరిల్లా అదియే. క్రమముగా పలు దేశముల జంతుశాలలు గొరిల్లాలకు ఉమ్మడి వంశావళిని వ్రాసి యుంచి, దగ్గరి రక్తసంబంధము గలవానిని జతపరుపకుండ, పరస్పరము ఇచ్చిపుచ్చుకొనసాగినవి.

హైదరాబాదులో ఇట్టి ప్రయత్నము మూషిక జింక విషయమున జరిగినది. అది సుమారు మూడు కిలోల తూకము గల, కొమ్ములులేని నిశాచర జంతువు. 2010లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, నెహ్రూ జంతుశాలవారు కలసి ఆరు జింకలతో పెంపకము మొదలిడిరి. అవి వృద్ధిపొందగా, 2017లో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు చేర్చిరి. ముందుగా కంచెలోపల నుంచి అడవి బ్రతుకునకు అలవాటు చేసిరి.

పుట్టింటికి పోవుటకు జింక సిద్ధమైనను, ఆ ఇల్లు నిలిచి యుండవలెను గదా! బోనులో పెంచుట శాస్త్రజ్ఞుల పని. అడవిని కాపాడుట మనందరి పని.